పంతొమ్మిదో వరుస

నా వ్యాసం అచ్చయింది.
పద్నాలుగు పేజీలు, ఆరు పట్టికలు, అరవై నాలుగు తలలు.
పట్టికలో ఎవరికీ పేరుండదు.
పంతొమ్మిదో వరుస ఇలా ఉంటుంది:
స్త్రీ, యాభై రెండు, గడ్డ కుడివైపు,
ఎడమ చేతి బలహీనత, ఎనిమిది నెలలు.

ఆ ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చిందో
ఒక వాక్యం రాశాను.
మూడో సమీక్షకుడు కొట్టేయమన్నాడు.
కొట్టేశాను.
ఇది ఆ వాక్యం.

పొందూరు. కొంచాడ సూరీడమ్మ.
వాలుగ చేప దవడతో కొండపత్తిని దువ్వి,
గింజ తీసి, ఏకి, ఏకు చుట్టి,
కుడిచేత్తో రాట్నం తిప్పుతూ
ఎడమచేత్తో పోగు లాగుతుంది.
లాగడం అనకూడదట.
"లాగితే తెగిపోద్ది బాబూ. అదే వస్తాది,
నువ్వు దారియ్యాల, అంతే."

శ్రీకాకుళంలో నా గదికొచ్చిన రోజు
తలనొప్పి ఎన్నాళ్ళ నుంచని అడిగాను.
అందరూ చెప్పేదే చెప్పింది, మొన్న మొన్ననే అని.
మరి చెయ్యి?
"సెయ్యి బాగానే ఉంది. నూలే బాగునేదు."

సంచిలోంచి ఖాదీ సంఘం పాసుబుక్కు తీసింది.
చిలపల లెక్క, నంబరు, కూలి.
ఆషాఢం దాకా నీలం సిరా.
ఆ తర్వాత ఎర్ర సిరాలో గుమస్తా చేతిరాత:
ఎగుడుదిగుడు. ముడులు. నాసి. వాపసు.
ఫాల్గుణం నుంచి వెనక్కి
వేలి కణుపుల మీద లెక్కపెట్టుకున్నాను.

నా సుత్తి కన్నా, నా గుండుసూది కన్నా,
మా ఆస్పత్రికి రెండేళ్ళు ఆలస్యంగా వచ్చిన యంత్రం కన్నా ముందు
మెదడంటే ఏమిటో చదవని ఒక గుమస్తా
జబ్బు పట్టుకున్నాడు.
పట్టుకుని, కూలి కోశాడు.

ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించాను.
మేం గడ్డల్ని కాయలతో చెబుతాం
ఉసిరంత, నిమ్మంత.
ఆవిడ తల వంచి చాలాసేపు చూసి
"కదురు మీద ఒంటిపూట నూలంత" అంది.
అచ్చులో సెంటీమీటర్లు వేశాను.

ఆపరేషను ఐదు గంటలు.
తడి దూదిపట్టీ అడ్డం పెట్టి
గడ్డని నరం మీంచి విడదీస్తుంటే
చేతికి తొందర పుట్టింది.
ఆపుకున్నాను.
దారిచ్చాను.
పద్ధతుల విభాగంలో దీనికి మాట లేదు.

"నూలు నాణ్యత వైద్య ప్రమాణం కాదు,
ఇది కొలత కాదు, కథ" అని రాశాడు సమీక్షకుడు.
ఆయన తప్పేం లేదు.
ఆయన కుర్చీలో నేనుంటే నేనూ అదే రాసేవాణ్ణి.
ఇప్పుడు మాత్రం ఓపీలో మొదటి ప్రశ్న మార్చాను,
మీ చేతులు ఏం పని చేస్తాయి అని అడుగుతున్నాను.
కొందరు విసుక్కుంటారు.
ముప్పై ఒకటో వరుసని అడగలేదు.
భావనపాడులో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు.
అతని గురించి ఇక్కడ రాయలేను.

పంతొమ్మిదికి ఎదురుగా, చివరి గడిలో:
పూర్తిగా తొలగింపు. రెండేళ్ళు. తిరిగి రాలేదు.

మొన్న ఆదివారం కాపీ పట్టుకుని పొందూరు వెళ్ళాను.
ఆ వరుస మీద వేలు పెట్టి చూపించాను.
ఇంగ్లీషు అంకెల్ని తడిమి అడిగింది,
"నా నూలు ఏ నంబరని రాసినావు?"
రాయలేదన్నాను.
ఏమీ అనలేదు.
లేచి, చాప దులిపి, నన్ను రాట్నం ముందు కూచోబెట్టి
ఎడమచేతిలో ఏకు పెట్టింది.

జానెడు వచ్చింది. తెగింది.
మళ్ళీ. బెత్తెడు. తెగింది.
మూడోసారి రానేలేదు.

"ఒలమ్మా, నీ తలకాయక్కూడా
ఓపాలి ఆ ఫొటో తీయించుకో బాబూ" అని
నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది.
తర్వాత నా చేతిలోంచి ఏకు తీసుకుని
తెగిన కొసని దానికి ఆనించి
చక్రం ఒక్క చుట్టు తిప్పింది.

అతుకెక్కడో నాకు కనపడలేదు.